ఫెడరల్ జైల్లో ఉన్న మా తమ్ముడికి టైమ్ క్రెడిట్లు వస్తాయా?

నమస్తే అండి. మా తమ్ముడు అమెరికాలో వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ లాంటి వాటి ద్వారా మోసం) కేసులో తప్పు ఒప్పుకున్నాడు. 30 నెలల శిక్ష పడింది. ఫెడరల్ కేసుల్లో పెరోల్ ఎప్పుడో ఎత్తేశారు. మంచి ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల దాకా తగ్గింపు ఉంది, అంటే 135 రోజులు. అంతవరకూ అర్థమైంది.

అర్థం కానిది 2018 ఫస్ట్ స్టెప్ చట్టం. జైల్లో పెట్టే క్లాసులకు వెళ్తే 30 రోజులకు 10 రోజులు, మళ్లీ నేరం చేసే రిస్కు తక్కువగానే ఉంటూ వస్తే 15 రోజులు క్రెడిట్, అంటే అన్ని రోజులు ముందుగా జైలు నుంచి బయటకు రావడానికి పనికొస్తాయి. దేశం నుంచి పంపేయాలని ఫైనల్ ఆర్డరు పడినవాళ్లకు మాత్రం అది వాడరు. తమ్ముడి మీద ఇమిగ్రేషన్ డిటెయినర్ (విడుదలప్పుడు తమకు అప్పగించమని ఇమిగ్రేషన్ వాళ్లు జైలుకు పెట్టే నోటీసు) ఒక్కటే ఉంది, ఆర్డరు లేదు. అయినా కేస్ మేనేజర్ "నీకు రాదు" అనేశారట.

గుంటూరులో అమ్మ రోజూ పొద్దున్నే గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో ఒక గడి కొట్టేస్తోంది. "ఎప్పుడొస్తాడ్రా?" అంటే ఏ తేదీ చెప్పను? ఫోన్ చేయాలంటేనే టెన్షన్.

డిటెయినర్ ఉండగా క్రెడిట్లు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందు వార్డెన్‌కు రాతపూర్వకంగా పెట్టుకోవాలా, లాయరును పట్టుకోవాలా? మధ్యలో ఫైనల్ ఆర్డరు పడితే అప్పటిదాకా సంపాదించినవి పోతాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.