అప్‌డేట్: సలహాలు మానేశాక ఏమైందంటే

ఆఫీసు కష్టాలు చెప్పినప్పుడు నేను సలహా ఇస్తే మా ఆవిడ ఎందుకు అలుగుతుందని పోయిన నెల అడిగాను. "ఊరికే వినండి" అన్నారు చాలామంది. విన్నాను. బెంగళూరులో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా, ఆ ట్రాఫిక్‌లో గంటంబావు ఊఁ కొట్టాను. చివరికి, "గోడతో మాట్లాడినట్టుంది, ఏదో ఒకటి అనండి" అంది!

ఇప్పుడు ముందే అడుగుతున్నాను: "వినమంటావా, ఏమైనా చెప్పమంటావా?" మొదటిసారి నవ్వింది. పరవాలేదు, పని చేస్తోంది.

ఆడవాళ్లే ఎక్కువ మాట్లాడతారని అప్పుడు నాకు జవాబిచ్చిన పెద్దమనిషికి ఒక మాట. 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో విద్యార్థుల మాటలు రికార్డు చేసి లెక్కిస్తే, ఆడైనా మగైనా రోజుకు సుమారు 16,000 పదాలే. మా ఇంట్లో నావే ఎక్కువ, క్రికెట్ ఉన్న రోజు మరీను.

మొన్న నేను మా మేనేజరుతో గొడవ గురించి చెబుతుంటే మా ఆవిడే సలహాలు మొదలుపెట్టింది. నాకు చిరాకొచ్చింది.