ఆరు ట్రోఫీలు, అందులో హైదరాబాద్‌కు ఒక్కటీ లేదు: లీగుల్లో ‘మనవాడు’ ఎవరు?

ప్రశ్న: క్విజ్ మాస్టారు

మిత్రులందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో మా కాలనీ గ్రంథాలయంలో ప్రతి ఆదివారం పిల్లలకు క్రీడల క్విజ్ నిర్వహిస్తున్నాను. గత వారం, 2025 సీజన్ ముగిసేనాటికి ఐపీఎల్ టైటిల్‌ను ఆరేసి సార్లు అందుకున్న ఇద్దరు ఆటగాళ్ళెవరని అడిగాను. రోహిత్ శర్మ పేరు క్షణంలో వచ్చింది కానీ రెండోది అంబటి రాయుడు అని నేనే చెప్పాల్సి వచ్చింది. ముందు వరుసలో కూర్చున్న ఏడో తరగతి అమ్మాయి లేచి, “మరి రాయుడి ఆరింటిలో మన హైదరాబాద్‌కు ఎన్ని సార్?” అని అడిగింది. ఒక్కటీ లేదని చెబితే ఆ పాప ముఖం చిన్నబోయింది. అప్పటినుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు.

గుంటూరులో పుట్టి హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన రాయుడు, ముంబయి ఇండియన్స్‌తో 2013, 2015, 2017లలోనూ, చెన్నై సూపర్ కింగ్స్‌తో 2018, 2021, 2023లలోనూ విజేతగా నిలిచాడు. హైదరాబాద్ జట్లయిన డెక్కన్ ఛార్జర్స్‌కు గానీ, సన్‌రైజర్స్‌కు గానీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇక ముంబయిలో పెరిగిన రోహిత్ తన తొలి టైటిల్‌ను 2009లో డెక్కన్ ఛార్జర్స్ ఆటగాడిగానే గెలిచాడు. ఆ సీజన్‌లోనే సెంచూరియన్‌లో ముంబయి ఇండియన్స్‌పై హ్యాట్రిక్ కూడా తీశాడు. తర్వాతి కాలంలో అదే ముంబయికి నాయకుడై అయిదు ట్రోఫీలు తెచ్చిపెట్టాడు. ఆయన తల్లిగారిది విశాఖపట్నం కనుక మనం కొంత చుట్టరికం కలుపుకోవచ్చు.

2023 ఫైనల్ మీకు గుర్తుండే ఉంటుంది. వాన వల్ల ఆట అర్ధరాత్రి దాటాక కూడా సాగింది. అదే తన చివరి మ్యాచ్ అని ముందే ప్రకటించిన రాయుడు, మోహిత్ శర్మ వేసిన ఒకే ఓవర్‌లో వరుసగా సిక్స్, ఫోర్, సిక్స్ కొట్టి తర్వాతి బంతికి వెనుదిరిగాడు. ఎనిమిది బంతుల్లో 19 పరుగులు చేశాడు. ట్రోఫీ అందుకోవడానికి ధోనీ తాను ముందుకు వెళ్ళకుండా జడేజానూ, రాయుడినీ పిలిచి వారి చేతికి ఇప్పించాడు. పసుపు చొక్కాలో ఉన్న రాయుడిని చూసి నాకు కలిగిన ఆనందం, 2016లో సన్‌రైజర్స్ గెలిచినప్పుడు కలిగిన ఆనందానికి ఏమాత్రం తీసిపోలేదు.

మన పేరు పెట్టుకున్న జట్టు ఒకచోట, మన ఊరి ఆటగాడు మరోచోట ఉండే ఇలాంటి విశేషాలు మీకు తెలిస్తే చెప్పండి, వచ్చే ఆదివారం పిల్లలను అడుగుతాను. అలాంటప్పుడు మీరు ఎవరి పక్షాన నిలుస్తారో కూడా రాయండి.

జవాబు 1: ఉప్పల్ గ్యాలరీ

మాస్టారూ, మీ క్విజ్‌కు పనికివచ్చే ప్రశ్న ఒకటి నా దగ్గర ఉంది. తన సొంత మైదానంలో ఒక్క ఐపీఎల్ మ్యాచ్ కూడా గెలవకముందే ట్రోఫీ గెలిచిన జట్టు ఏది? మన డెక్కన్ ఛార్జర్సే. 2008లో ఆ జట్టు మొత్తం 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ రెండు విజయాలూ ముంబయి, చెన్నైలపై, వారి గడ్డ మీదే వచ్చాయి, ఉప్పల్‌లో ఆడిన ఏడూ ఓడిపోయింది. 2009లో ఎన్నికల కారణంగా లీగ్ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలిపోగా అక్కడ విజేత అయింది. 2010లో తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వల్ల మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబయిలకు వెళ్ళాయి. ఉప్పల్‌లో తొలి విజయం 2011 ఏప్రిల్‌లో బెంగళూరుపై గానీ దక్కలేదు.

ఆ ఏడు ఓటముల్లో ఒకదానికి నేను ప్రత్యక్ష సాక్షిని. 2008 ఏప్రిల్ 24న రాజస్థాన్ రాయల్స్‌తో మ్యాచ్ అది. సైమండ్స్ అజేయంగా 117 పరుగులు చేశాడు, మనవాళ్ళ స్కోరు 214. ఇక గెలిచేశామనుకున్నాం. చివరి ఓవర్‌లో రాజస్థాన్‌కు 17 పరుగులు కావాల్సి ఉండగా బంతి కూడా సైమండ్స్ చేతికే ఇచ్చారు. ఎదురుగా షేన్ వార్న్. ఒక ఫోర్, రెండు సిక్సర్లతో ఆయన ఆట ముగించిన క్షణంలో స్టేడియం ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, మా పక్క వరుసలో పల్లీలు అమ్మే కుర్రవాడి గంప కిర్రుమన్న చప్పుడు కూడా నాకు వినిపించింది. బయటికి నడుస్తూ ఎవరూ ఎవరినీ తిట్టలేదు, వార్న్ గురించే మాట్లాడుకున్నాం.

మీరు అడిగిన ‘మనవాడు’ విషయానికి వస్తే, ఆ మొదటి సీజన్‌లో మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసినది పిల్లలకు తప్పక చెప్పండి. నగరానికి ఐకాన్ ఆటగాడిగా, అంటే జట్టుకు ముఖంగా నిలిచే సొంతూరి తారగా, ఉండే అవకాశం ఆయనకు ఉండేది. అయితే ఐకాన్‌కు జట్టులో అందరికంటే ఎక్కువ పారితోషికం ఇవ్వాలన్నది నిబంధన. వేలంలో జట్టుకు ఎక్కువ డబ్బు మిగలాలని ఆయన ఆ హోదానే వదులుకున్నాడు. 2009 ఫైనల్లో లక్ష్మణ్ ఆడలేదు. విశాఖకు చెందిన వేణుగోపాల్ రావు, హైదరాబాదీ తిరుమలశెట్టి సుమన్ ఆడారు, హైదరాబాద్ రంజీ జట్టు స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా మూడు వికెట్లు తీశాడు. కెప్టెన్ గిల్‌క్రిస్ట్ మొదటి ఓవర్‌లోనే కుంబ్లేకు చిక్కి సున్నాకు వెనుదిరిగాడు. కుంబ్లే 16 పరుగులకు నాలుగు వికెట్లు తీసి, ఓడిన జట్టులో ఉండి కూడా మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు.

హైదరాబాద్ గెలిచిన రెండు ఫైనళ్ళలోనూ, అంటే 2009లో డెక్కన్‌కూ 2016లో సన్‌రైజర్స్‌కూ, ప్రత్యర్థి బెంగళూరే. రెండుసార్లూ మన కెప్టెన్ ఆస్ట్రేలియాకు చెందిన ఎడమచేతి వాటం ఓపెనరే. 2009లో బెంగళూరు ఆరు పరుగుల తేడాతో ఓడింది. పదహారేళ్ళ తర్వాత 2025లో ఆ జట్టు తన తొలి ట్రోఫీ గెలిచినప్పుడు, పంజాబ్‌పై తేడా సరిగ్గా ఆరు పరుగులే. ఈ ఒక్కటి చూసి నేను పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

జవాబు 2: షటిల్ అభిమాని

క్రికెట్ దాటి చూస్తే మీ ప్రశ్న ఇంకా బిగుసుకుంటుంది మాస్టారూ. 2013లో మొదలైన ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ తొలి ఫైనల్ ముంబయిలో జరిగింది. ఒకవైపు హైదరాబాద్ హాట్‌షాట్స్, మరోవైపు లక్నో కేంద్రంగా ఆడిన అవధ్ వారియర్స్. హైదరాబాద్ తరఫున సైనా నెహ్వాల్ దిగితే, అవతలి జట్టు కెప్టెన్ పి.వి. సింధు. హరియాణాలోని హిసార్‌లో పుట్టి హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్న సైనా మన జట్టు, హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగిన సింధు ఎదుటి జట్టు! సైనా వరుస గేముల్లో గెలిచింది, హైదరాబాద్ ట్రోఫీ అందుకుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో మా నాన్నగారు హైదరాబాద్ పక్షం, నేను సింధు పక్షం. మా అమ్మ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో పకోడీలు పెట్టి మధ్యలో కూర్చుంది.

అంతకంటే కష్టమైన పరీక్ష తర్వాత వచ్చింది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధును ఓడించి స్వర్ణం గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌ను ఈ నగరంలో తెలియనివారు లేరు. ఆ మారినే ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో హైదరాబాద్ హంటర్స్‌కు ఆడింది. 2018 జనవరిలో గచ్చిబౌలిలో జరిగిన ఫైనల్లో బెంగళూరు బ్లాస్టర్స్‌పై 4–3తో నెగ్గి హంటర్స్ విజేత అయింది. అప్పటికి సింధు చెన్నై జట్టులో ఉంది. ఆ తర్వాతి సీజన్‌కు సింధు హైదరాబాద్‌కు, మారిన్ పుణెకు మారారు. తొలి పోరులోనే ఇద్దరూ ఎదురుపడితే సింధు గెలిచింది.

నా మట్టుకు నేను ఆటగాళ్ళ పక్షమే. బ్యాడ్మింటన్‌లో ఒక ర్యాలీ సాగుతున్నంతసేపు కోర్టులో ఉండేది మనిషి, ఆ మనిషి ఊపిరి, కాలి కదలిక. చొక్కా మీది పేరు ర్యాలీ ముగిశాకే కనబడుతుంది. మారిన్ కొట్టిన క్రాస్ కోర్టు స్మాష్‌కు గచ్చిబౌలిలో చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను, రియో రాత్రి నిద్రపోనివారిలోనూ ఉన్నాను. రెండూ మనస్ఫూర్తిగా చేసినవే.

జవాబు 3: విశాఖ కూత

షటిల్ అభిమాని గారితో నేను ఏకీభవించలేకపోతున్నాను, అందుకు కారణం కబడ్డీ. ప్రొ కబడ్డీ లీగ్ 2014 జులై 26న మొదలైంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది అదే ఏడాది జూన్ 2న. రెండు రాష్ట్రాలై రెండు నెలలు కూడా నిండకముందే వచ్చిన ఆ లీగ్‌లోని ఎనిమిది జట్లలో భాష పేరు పెట్టుకున్న జట్టు తెలుగు టైటాన్స్ ఒక్కటే. మిగిలినవి నగరాల పేర్లో, ప్రాంతాల పేర్లో. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ ఆడిన ఈ జట్టును రెండుచోట్లా సొంతమనే అనుకున్నారు. ఈ పేరుకు నేను ఆనాడే కట్టుబడిపోయాను.

మా జట్టును నిలబెట్టినవాడు ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి. విశాఖ పోర్ట్ ఇండోర్ స్టేడియంలో మ్యాట్‌కు దగ్గరగా కూర్చున్న రోజు నాకు బాగా గుర్తుంది. టీవీలో వ్యాఖ్యాతల మాటల మధ్య కూత వినబడదు. అక్కడ మాత్రం రాహుల్ గీత దాటి వెళ్తుంటే ఆగకుండా సాగే ఆ ‘కబడ్డీ కబడ్డీ’, మ్యాట్ మీద బూటు జారే చప్పుడు, మూలన ఉన్న డిఫెండర్ తన పక్కవాడి మణికట్టును బిగించి పట్టుకోవడం, అన్నీ తెలిశాయి. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోయాక వచ్చే మూడోది డూ ఆర్ డై రైడ్, పాయింటు తేకపోతే తానే ఔటవుతాడు. ఆ ముప్పై సెకన్లూ మా ఊళ్ళో చెడుగుడు ఆడిన ముసలాయన ఒకరు నా పక్కన ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. రాహుల్ బోనస్ గీత దాటి పాయింటుతో తిరిగి రాగానే ఆయన, “మనోడు రా!” అని కేక వేశారు. ఆ కుర్రవాడిది బిజ్నోరని ఆయనకు తెలియదు, తెలిసినా ఆ కేక అంతే గట్టిగా ఉండేది.

2019లో రాహుల్ తమిళ్ తలైవాస్‌కు వెళ్ళిపోయాడు. నేను టైటాన్స్‌తోనే ఉండిపోయాను. అతను మన డిఫెన్స్‌లోకి కూతకు వచ్చినప్పుడు పట్టేయాలనే కోరుకున్నాను, పట్టాక మాత్రం దెబ్బ తగలకుండా లేచాడా లేదా అని చూసుకున్నాను.

ప్రశ్న అడిగినవారి జవాబు: క్విజ్ మాస్టారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. వచ్చే ఆదివారానికి మొదటి ప్రశ్న ఉప్పల్ గ్యాలరీ గారిదే: సొంతగడ్డపై గెలవకముందే ట్రోఫీ గెలిచిన జట్టు. సైనా, సింధు ఫైనల్ గురించి అడిగేటప్పుడు పిల్లలను ముందుగా రెండు పక్షాలుగా కూర్చోబెడతాను, ఎవరు ఎటు వెళ్తారో చూడాలని ఉంది. విశాఖ కూత గారూ, మీరు చెప్పిన జూన్ 2, జులై 26 తేదీలను పక్కపక్కనే బోర్డు మీద రాస్తాను.

ఆ పాపకు చెప్పడానికి నా దగ్గర కూడా ఒక పేరు ఉంది: నితీశ్ కుమార్ రెడ్డి. విశాఖపట్నం కుర్రవాడు, 2024లో సన్‌రైజర్స్ చొక్కాలోనే ఎమర్జింగ్ ప్లేయర్ పురస్కారం అందుకున్నాడు. ‘మన హైదరాబాద్‌కు ఎన్ని?’ అని ఈసారి అడిగితే, లెక్క అక్కడినుంచి మొదలుపెడతాను.