దీపావళి కార్యక్రమం: హైదరాబాద్ బృందం టికెట్లు, పికప్

ట్రావెల్ కమిటీ: అందరికీ నమస్కారం. కళాకారులకు టికెట్లు ఇంకా తీయలేదు. "పొద్దున ఎక్కి రాత్రికి దిగుతున్నారు, పన్నెండున్నర గంటలేగా, శుక్రవారం రాత్రికి వచ్చినా చాలు" అని నిన్న కాల్‌లో ఎవరో అన్నారు. టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైము ఆ ఊరిదే. గురువారం ఉదయం 10కి శంషాబాద్‌లో ఎక్కి దుబాయ్‌లో మారినవాళ్లు అదే గురువారం రాత్రి 10:30కి డల్లాస్‌లో దిగుతారు, నిజమే. కానీ అప్పటికి ఇండియా మనకంటే పదకొండున్నర గంటలు ముందుంటుంది, అది కలిపితే మధ్యలో గడిచేది 24 గంటలు.

ఇంకో మెలిక. నవంబర్ 1న ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతాం. ఇండియాతో తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నర అవుతుంది. మన ప్రోగ్రాం 7న. ఆ వారం వాళ్లకు ఫోన్ చేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

వేదిక కమిటీ: అన్నా, దుబాయ్ మీదుగా అయితే చుట్టూ తిరిగి రావడం కాదా? దగ్గర దారి ఏదీ లేదా?

ట్రావెల్ కమిటీ: హైదరాబాద్ నుంచి ఇక్కడికి నేరుగా ఫ్లైట్ లేదు తమ్ముడూ. నేరుగా లెక్కేస్తే దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. రెండు ఊళ్లూ భూమికి దాదాపు అటూ ఇటూ ఉన్నాయి, రేఖాంశాల్లో తేడా 175 డిగ్రీలు. గ్లోబు మీద దారం బిగించి చూడు, ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది! దుబాయ్ దాకా 2,550, అక్కడి నుంచి డల్లాస్‌కి 12,900. అంటే చుట్టు వెయ్యి కిలోమీటర్లు మాత్రమే, గాల్లో గంట పైన. దానికోసం తల పట్టుకోనక్కర్లేదు. టైము తినేది మధ్యలో ఆగడమే.

చికాగోలోనో న్యూయార్క్‌లోనో మారే టికెట్ కాస్త చవకగా కనిపిస్తోంది. నాకైతే వద్దనిపిస్తోంది. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ దాటి, పెట్టెలన్నీ తీసుకుని, మళ్లీ తర్వాతి ఫ్లైట్‌కి అప్పగించాలి. మృదంగం, వీణ మోసుకుంటూ ఆ హడావిడి ఎందుకు? దుబాయ్ నుంచి అయితే ఆ తతంగమంతా డల్లాస్‌లోనే, మనవాళ్లు బయటే ఉంటారు. రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్‌లో ఉండాలి, మధ్యలో మూడు గంటలకు తగ్గకూడదు.

పికప్: గురువారం రాత్రి నేనూ మా ఆవిడా రెండు కార్లలో వెళ్తాం. విమానం దిగగానే బయటికి వచ్చేయరు కదండీ, ఎన్నింటికి రావాలి?

ట్రావెల్ కమిటీ: అప్పటిదాకా మీరూ వదినా ఇంట్లోనే ఉండండి. లగేజీ చేతికొచ్చాక ఫోన్ చేయమని చెప్తాను, అప్పుడు బయల్దేరండి. టెర్మినల్ డి.

వేదిక కమిటీ: అయితే శుక్రవారం పూర్తిగా రెస్ట్, సౌండ్ చెక్ శనివారం పొద్దున. తిరుగు ప్రయాణం?

ట్రావెల్ కమిటీ: ఆదివారం మధ్యాహ్నం. వెనక నుంచి గాలి తోస్తుంది కాబట్టి దుబాయ్ దాకా గంటకు పైగా తగ్గుతుంది, అయినా ఇల్లు చేరేసరికి సోమవారం రాత్రి. మంగళవారం అక్కడ వాళ్లకు ఇంకో కచేరీ ఏదైనా ఉందేమో ప్రోగ్రాం కమిటీ ఈ రోజే కనుక్కోండి, అది తేలితే టికెట్లు తీసేస్తాను.

పికప్: వీణ పెట్టె పొడవెంతో కూడా అడగండి. మా కారులో వెనక సీటు మడవాలేమో.