లాటినా రచయిత్రుల పుస్తకాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరికి ఏది చెప్పాలి?

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి:

అందరికీ నమస్కారం. నేను ఈ ఊరికి వచ్చి ఐదు నెలలైంది. మావారి ఉద్యోగం వల్ల హెచ్-4 వీసా మీద వచ్చాను కనుక పగలంతా ఇంట్లోనే ఉంటాను. దగ్గరలో ఉన్న గ్రంథాలయంలో నెలకొకసారి జరిగే పుస్తక చర్చకు వెళ్లడం ఈమధ్యనే మొదలుపెట్టాను. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు ఇక్కడ హిస్పానిక్ వారసత్వ మాసం జరుపుతారట. ఆ నెల చర్చకు ఒక్కొక్కరు ఒక్కొక్క లాటినా రచయిత్రి పుస్తకం చదివి వచ్చి, మిగిలినవారికి సిఫారసు చేయాలని చెప్పారు. మా అపార్ట్‌మెంట్లలో సగం కుటుంబాలు స్పానిష్ మాట్లాడేవారే అయినా, వారి గురించి నాకు ఏమీ తెలియదని ఆ మాట విన్నప్పుడే తోచింది. తెలుగు కథలు, నవలలు చిన్నప్పటినుంచి చదువుతున్నాను గాని ఇంగ్లిషు నవల అంటే నాకు నిదానమే. అంతర్జాలంలోని జాబితాల్లో యాభై, వంద పేర్లు కనబడుతున్నాయి. వాటిలో ఏది పట్టుకోవాలో తెలియడం లేదు. చదివినవారు దయచేసి దారి చూపగలరు.

శాన్ ఆంటోనియో, టెక్సాస్ నుంచి:

చెల్లెమ్మా, మీ ఉత్తరం చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. పన్నెండేళ్ల క్రితం నేను కూడా డిపెండెంట్ వీసా మీదే ఈ రాష్ట్రానికి వచ్చాను. ఉద్యోగం చేసే వీలు లేని ఆ మొదటి మూడేళ్లలో ఈ దేశాన్ని నాకు దగ్గర చేసినవారు ఎక్కువగా ఈ రచయిత్రులే. అందుచేత కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

జాబితాలను ముందు పక్కన పెట్టండి. ఇప్పుడు మీ మనసులో ఏది మెదులుతోందో దానికి దగ్గరగా ఉన్న పుస్తకం ఒక్కటి తీసుకోండి. అది నచ్చితే తరువాత ఏది చదవాలో మీకే తెలుస్తుంది. ఇతరులకు చెప్పేటప్పుడు కూడా పుస్తకానికి ఎంత పేరుందో చూడడం కంటే, వినే మనిషి ఏ స్థితిలో ఉన్నారో చూడడం అవసరం. ఈ రెండో మాట నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను. ఆ సంగతి కింద చెబుతాను.

లాటినా అన్న మాట గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. లాటిన్ అమెరికా మూలాలున్న స్త్రీ అని దాని అర్థం. చిలీ దేశపు ఇసబెల్ అయెండే స్పానిష్‌లో రాస్తే మనం అనువాదంలో చదువుతాము. షికాగోలో పుట్టిన సాండ్రా సిస్నెరోస్ ఇంగ్లిషులోనే రాస్తారు. గ్రంథాలయంలో ఇద్దరి పుస్తకాలూ ఒకే బల్ల మీద పెడతారు గాని, మీరున్న స్థితిలో ఇక్కడే పెరిగి, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడి, ఆ రెండింటి మధ్య నలిగి రాసినవారితో మొదలుపెట్టడం మంచిదని నా నమ్మకం.

కాబట్టి మీకు నేను మొదట చెప్పే పుస్తకం సిస్నెరోస్ రాసిన 'ది హౌస్ ఆన్ మాంగో స్ట్రీట్'. 1984లో దీన్ని మొదట అచ్చువేసింది మన టెక్సాస్‌లోనే, హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఆర్తే పూబ్లికో ప్రెస్ వారు. షికాగోలోని మెక్సికన్ కుటుంబానికి చెందిన ఎస్పెరాన్సా అనే ఆడపిల్ల తన వీధిని, ఇరుగుపొరుగు స్త్రీలను చూస్తూ చెప్పిన 44 చిన్న ఖండికలు ఇందులో ఉన్నాయి. కొన్ని ఒక పేజీకి మించవు. ఇంగ్లిషు నిదానమన్నారు కనుక రోజుకు రెండు చొప్పున చదివినా సుమారు మూడు వారాల్లో పూర్తవుతుంది.

అందులో ఒక ఖండికను విడిగా చెప్పకుండా ఉండలేను. భర్త రెక్కలు ముక్కలు చేసుకుని డబ్బు కూడబెట్టి పిలిపించుకుంటే, చంటిపిల్లవాడిని ఎత్తుకుని ఒకావిడ స్వదేశం నుంచి వచ్చి ఎదురింటి మూడో అంతస్తులో దిగుతుంది. అంతే, ఆ తరువాత ఆమె మళ్లీ మెట్లు దిగి కిందికి రాదు. లావుగా ఉన్నందుకని కొందరు, మెట్లు ఎక్కువని కొందరు అంటారు గాని, ఇంగ్లిషుకు భయపడి రావడం లేదని ఎస్పెరాన్సాకు అనిపిస్తుంది. ఆవిడ రోజంతా కిటికీ దగ్గర కూర్చుని, స్పానిష్ రేడియో పెట్టుకుని, ఇంటి మీద బెంగతో పాటలు పాడుకుంటూ ఉంటుంది. చివరికి పిల్లవాడికి మాటలు వస్తాయి, వాడు టీవీలో విన్న పెప్సీ ప్రకటన పాటను ఇంగ్లిషులో అందుకుంటాడు. తల్లికి కన్నీళ్లు ఆగవు. ఆ ఖండిక మొత్తం నాలుగు పేజీలు కూడా ఉండదు. మా అబ్బాయికి అప్పుడు రెండేళ్లు. అంతవరకు "పాలు" అని అడిగినవాడు పార్కులో పిల్లలతో ఆడడం మొదలుపెట్టిన నెలలోనే "మిల్క్" అన్నాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అది అయ్యాక యాంజీ క్రూస్ నవల 'డొమినికానా' (2019) తీసుకోండి. డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో పదిహేనేళ్ల ఆనాను, ఆమెకు రెట్టింపు వయసు దాటిన హువాన్‌కు ఇచ్చి పెళ్లి చేసి, 1965లో న్యూయార్క్‌లోని వాషింగ్టన్ హైట్స్‌కు పంపిస్తారు. ఆమె ముందు వెళితే మిగిలిన కుటుంబం ఒకరి వెనక ఒకరు అమెరికా చేరవచ్చునని పెద్దల ఆశ. అమెరికా సంబంధం అన్న మాటకు మన ఇళ్లలో ఎంత విలువ ఉందో తెలిసినవారికి ఆనా తల్లి ఆలోచన వింతగా తోచదు. ఆనా దగ్గర లోపల డొల్లగా ఉన్న పింగాణీ బొమ్మ ఒకటి ఉంటుంది. భర్త కంట పడకుండా మిగిల్చిన డబ్బును ఆమె అందులో దాచుకుంటుంది. పోపులపెట్టెలో, బియ్యం డబ్బాలో చిల్లర దాచుకున్న మన అమ్మమ్మలు ఆ బొమ్మను చూడగానే గుర్తుపట్టి ఉండేవారు. భర్త చేయి చేసుకునే సన్నివేశాలు ఈ నవలలో ఉన్నాయి, వాటిని చదవడం కష్టం. చర్చలో ఈ పుస్తకం ప్రతిపాదించేటట్లయితే ఆ సంగతి మీరే ముందుగా చెప్పండి.

ఎస్మెరాల్దా సాంతియాగో ఆత్మకథ 'వెన్ ఐ వజ్ ప్యూర్టో రికన్' (1993) నాకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకం. అది జామపండుతో మొదలవుతుంది. న్యూయార్క్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో జామపండు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, చిన్ననాటి పెరడంతా తలచుకుని, చివరకు దాన్ని తిరిగి పెట్టేసి ఆపిల్, పియర్ పండ్ల వైపు బండి తోసుకుంటూ వెళ్లిపోతారు. పదమూడేళ్ల వయసులో, 1961లో, తల్లితో కలిసి బ్రూక్లిన్ వచ్చినప్పుడు, ఇంగ్లిషు రాదని బడిలో ఒక తరగతి కిందికి దింపబోతే, ఆ పిల్ల వచ్చీరాని ఇంగ్లిషులోనే ప్రిన్సిపాల్‌తో వాదించి ఎనిమిదో తరగతిలో చోటు సంపాదించుకుంటుంది. సంక్షేమ కార్యాలయంలో తల్లి మాటలను అధికారులకు ఇంగ్లిషులో చెప్పవలసింది కూడా ఆ పిల్లే. ఈ పుస్తకాన్ని ఆమె ఇంగ్లిషులో రాసి, తరువాత తానే స్పానిష్‌లోకి మార్చుకున్నారు.

ఇక నా పొరపాటు సంగతి. రేనా గ్రాందే ఆత్మకథ 'ది డిస్టెన్స్ బిట్వీన్ అస్' (2012) చదివిన ఊపులో, ఎంతో గొప్పగా ఉందని ఒక స్నేహితురాలి చేతిలో పెట్టాను. మెక్సికోలోని ఇగువాలాలో పిల్లలను నాయనమ్మ దగ్గర వదిలి, ముందు తండ్రి, తరువాత తల్లి అమెరికా వెళ్లిపోతారు. గోడ మీది పటంలో తప్ప తండ్రి ముఖం ఎరగని రేనాకు ఆయన 'అద్దం వెనక మనిషి'. నా స్నేహితురాలు అప్పటికి ఏడాదిగా తన పాపను తెనాలిలో అమ్మగారి దగ్గర ఉంచి ఇక్కడ ఉద్యోగం చేస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు, అయినా తట్టలేదు. నాలుగు రోజులకు పుస్తకం తిరిగి ఇస్తూ, "అక్కా, పటం దగ్గర ఆపేశాను" అని మాత్రం అంది. ఆ తరువాత చాలాకాలం మా మాటల్లో ఆ పాప పేరు రాలేదు. పుస్తకంలో ఏ లోపమూ లేదు, ఇప్పటికీ ఎందరికో ఇస్తాను. అయితే ఇచ్చేముందు అందులో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పి, తీసుకోవాలో వద్దో వారికే వదిలేస్తున్నాను.

గ్లోరియా అన్సాల్దువా రాసిన 'బోర్డర్‌లాండ్స్' (1987) ఇప్పుడే వద్దు, ఏడాది తరువాత చదవండి. దక్షిణ టెక్సాస్‌లో పుట్టిన ఆమె స్పానిష్, ఇంగ్లిషు కలిపి, కవిత్వం, చరిత్ర కలిపి రాశారు. అది ఒక పట్టాన లొంగదు. విరామ సమయంలో స్పానిష్ మాట్లాడినందుకు చేతివేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టారని ఆమె రాసిన చోట మాత్రం, ఇంగ్లిషు మీడియం బడిలో తెలుగు మాట్లాడి జరిమానా కట్టిన నాకు అనువాదం అవసరం కాలేదు.

పుస్తకాల కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. గ్రంథాలయం కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఫోన్‌లోనే చదవవచ్చు, వినవచ్చు. మాంగో స్ట్రీట్‌ను రచయిత్రి స్వయంగా చదివిన ఆడియో ఉంది, ఉచ్చారణ తెలుస్తుంది కనుక దాన్ని పక్కన పెట్టుకుని చదవండి. మీ శాఖలో లేని పుస్తకాన్ని వేరే ఊరి గ్రంథాలయం నుంచి తెప్పించమని కౌంటరులో అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు, ఆ పని కోసమే వారు అక్కడ ఉన్నారు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

శాన్ ఆంటోనియో అక్కగారు చెప్పిన పుస్తకాలన్నీ మంచివే. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంచెం వేరు. మన కథలాగే ఉందని చదవడం మొదలుపెట్టడం బాగానే ఉంటుంది గాని, అక్కడే ఆగిపోతే వారి చరిత్ర మనకు కనబడదు. టెక్సాస్ 1836 వరకు మెక్సికోలో భాగం. కాలిఫోర్నియా మొదలైన ప్రాంతాలు మెక్సికోతో కుదిరిన 1848 ఒప్పందంతో అమెరికా చేతికి వచ్చాయి. అంటే అక్కడి పాత కుటుంబాలు కొన్ని ఎక్కడికీ వలస వెళ్లలేదు, సరిహద్దే వారిని దాటి అవతలికి జరిగింది. ప్యూర్టో రికోవారు 1917 నుంచి అమెరికా పౌరులు కనుక సాంతియాగో కుటుంబానికి వీసాతో పనే లేదు. ఇవేవీ తెలుసుకోకుండా అందరినీ "మెక్సికన్లు" అని ఒకే గాటన కట్టడం మన విందుల్లో తరచు వింటుంటాను, వినడానికి కష్టంగా ఉంటుంది.

అందుకని రెండు పుస్తకాలు చేరుస్తాను. హూలియా ఆల్వరెస్ నవల 'ఇన్ ద టైమ్ ఆఫ్ ద బటర్‌ఫ్లైస్' (1994) డొమినికన్ నియంత త్రుహియోను ఎదిరించిన మిరబాల్ అక్కచెల్లెళ్ల కథ. వారిలో ముగ్గురిని 1960 నవంబరు 25న చంపించారు. స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి పాటిస్తున్న దినం ఆ తేదీయే. రెండోది, వలేరియా లుయిసెల్లి రాసిన 'టెల్ మీ హౌ ఇట్ ఎండ్స్' (2017). తాను గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న రోజుల గురించి, న్యూయార్క్ ఇమిగ్రేషన్ కోర్టులో దుబాసీగా కూర్చుని, సరిహద్దు దాటి ఒంటరిగా వచ్చిన పిల్లలను 40 ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోవడం గురించి ఆమె రాశారు. గ్రీన్ కార్డు ఎదురుచూపు మన ఇళ్లలో రోజూ వినబడే మాట. ఆ పిల్లల ఎదురుచూపు ఎలాంటిదో ఈ చిన్న పుస్తకంలో చదివినప్పటినుంచి, మా ఇంట్లో ఆ మాట ఎత్తేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది.

పిల్లలున్నవారి కోసం ఒక మాట. యూయీ మొరాలెస్ బొమ్మల పుస్తకం 'డ్రీమర్స్' (2018) తప్పక చూడండి. మెక్సికో నుంచి చంటిబిడ్డతో వచ్చి, ఇంగ్లిషు రాని తల్లిగా శాన్ ఫ్రాన్సిస్కో గ్రంథాలయంలోకి అడుగుపెట్టిన తన అనుభవాన్నే ఆమె బొమ్మలు వేసి చెప్పారు. పదేళ్ల పిల్లలకు మెగ్ మెదీనా రాసిన 'మెర్సీ సువారెస్ చేంజెస్ గియర్స్' ఇవ్వండి. పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ పతకం దానికి 2019లో వచ్చింది. తాతగారికి మతిమరుపు జబ్బు ముదురుతుంటే, పక్కపక్క ఇళ్లలో ఉండే ఉమ్మడి కుటుంబం దాన్ని పిల్ల దగ్గర ఎలా దాచిందో అందులో ఉంది. మరిన్ని కావాలంటే, లాటినో పిల్లల పుస్తకాలకు పూరా బెల్‌ప్రే అనే ఆవిడ పేరిట ఇచ్చే పురస్కారం పొందినవి అడగండి. ఆమె న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో 1921లో చేరిన తొలి ప్యూర్టో రికన్ లైబ్రేరియన్. పిల్లలకు తన ద్వీపపు కథలు చెబుదామంటే అక్కడి అరల్లో అవి లేవు, కనుక తానే రాశారు.

ఇర్వింగ్ నుంచి మళ్లీ:

అక్కగారికీ, న్యూజెర్సీ వారికీ ఎంతో కృతజ్ఞతలు. 'మాంగో స్ట్రీట్' నిన్ననే తెచ్చుకున్నాను. బట్టలు ఉతికే గదిలో కూర్చుని చదువుతుంటే మా కింది వాటాలో ఉండే పెద్దావిడ అట్ట చూసి ఆగారు. తన మనవరాలు ఆ పుస్తకం బడిలో చదివిందని సైగలతోనూ, నాలుగు ఇంగ్లిషు మాటలతోనూ చెప్పారు. ఐదు నెలల్లో ఆవిడ నాతో మాట్లాడడం ఇదే మొదటిసారి. పుస్తకం చేతిలోకి తీసుకుని రెండు పేజీలు తిప్పి, ఇంగ్లిషు రాదన్నట్లు తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చారు. ఇది స్పానిష్‌లో దొరుకుతుందా?

శాన్ ఆంటోనియో నుంచి:

దొరుకుతుంది, చెల్లెమ్మా. మెక్సికోలో ఎంతో పేరున్న రచయిత్రి ఎలేనా పోనియాతోవ్‌స్కా దాన్ని స్పానిష్‌లోకి అనువదించారు. గ్రంథాలయంలో 'లా కాసా ఎన్ మాంగో స్ట్రీట్' అని అడగండి. మీ కార్డు మీదే తీసుకుని ఆవిడకు ఇవ్వండి. గడువు తేదీ మాత్రం ఒక చీటీ మీద అంకెల్లో రాసి లోపల పెట్టండి.