స్టే అంటే నిలిపివేతా, నిలుపుదలా?

ఒక మాట దగ్గర ఇరుక్కున్నాను, సాయం చేయండి. విజయవాడలో ఒక ప్లీడరు గారికి అప్పుడప్పుడు కాగితాలు తెలుగు చేసి పెడుతుంటాను. శిక్ష పడ్డ ఖైదీ అప్పీలు హైకోర్టులో ఉంది. ఈలోగా అతన్ని పక్క రాష్ట్రం జైలుకు పంపమని ఉత్తర్వు వచ్చింది. మనిషి అంత దూరంలో ఉంటే ప్లీడరు కలిసి మాట్లాడేదెలా అని వాదిస్తే స్టే దొరికింది. నేను రాసింది ఇది: "అప్పీలు అపరిష్కృతంగా ఉన్నందున అంతర్రాష్ట్ర బదిలీ నిలిపివేయబడినది."

గుమాస్తా గారు ఖైదీ తల్లికి చదివి వినిపించారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే ఇంక పంపరన్నమాట!" అంది. అక్కడే నా తప్పు తెలిసింది. ఆగింది ప్రస్తుతానికే, ఆవిడ ఎప్పటికీ అనుకుంది. మరి ఏమని రాయాలి?

— ముందు "బదిలీ" తీసెయ్యండి మాస్టారూ. బదిలీ అంటే తహసీల్దారు గుర్తొస్తాడు, సామాన్లు లారీకెక్కించుకుని. ఖైదీది తరలింపు. 1950 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రిజనర్స్ చట్టం పేరులో ట్రాన్స్‌ఫర్ ఉన్నా, 3వ సెక్షన్‌లో ఉన్న మాట రిమూవల్. అవతలి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంటే ఇవతలి ప్రభుత్వం ఆ ఉత్తర్వు ఇవ్వొచ్చు.

— తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి, సత్తెనపల్లి. మీ గొడవంతా "వేయు"లో ఉంది. కొట్టివేత, కూల్చివేత, తీసివేత... ఆ "వేత" వినగానే పని అయిపోయిందనిపిస్తుంది. నిలుపుదలలో ఆ ముగింపు లేదు. పెరుగుదల, తగ్గుదల లాగే నిలుపుకు "దల" చేరింది, అంతే. విడుదలలోదీ అదే "దల". ఆ తల్లి ఎదురుచూసే "దల" అది, మీ కాగితంలో ఉండాల్సింది నిలుపుదల.

— పేపర్లో డెస్కు మీద పాతికేళ్లు చేశాను. సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో నిలుపుదల పట్టదండీ. స్టే ఒక్క అక్షరం, ఎక్కడైనా పడుతుంది. కుర్రాళ్లు "తరలింపునకు హైకోర్టు బ్రేక్" అంటారు. నాకు నచ్చదు గానీ అర్థం మాత్రం తప్పు కాదు. బ్రేకు తీస్తే బండి మళ్లీ కదులుతుంది కదా.

— గుంటూరు బ్రాడీపేటలో వకీలుగా ప్రాక్టీసు. పై ఆయన సరదాకి అన్నా అసలు సంగతి అదే. 1992లో శ్రీ చాముండి మోపెడ్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చెప్పింది. కొట్టేస్తే ఆ ఉత్తర్వు పుట్టనట్టే, మునుపటి స్థితి తిరిగొస్తుంది. స్టే ఇస్తే ఆ రోజు నుంచి ఉత్తర్వు పనిచేయదు, అంతేగానీ చెరిగిపోదు. అందుకే మా క్లయింట్లు "స్టే తెచ్చుకున్నాం" అంటారు, "స్టే లేచిపోయింది" అని ఏడుస్తారు. రద్దు లేచిపోవడం ఎప్పుడైనా విన్నారా?

ఇంకో చిక్కు. స్టేను "యథాతథ స్థితి" అని మాత్రం రాయకండి. జైలు వ్యాను గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలోకి వెళ్లిపోయాక ఆ యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చిందనుకోండి. ఉన్నవాణ్ణి ఉన్నచోటే ఉంచాలని అవతలి జైలు వాళ్లు వాదిస్తారు. మీ కేసులో మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడా?

— ఇక్కడే ఉన్నాడండీ.

— అయితే బతికిపోయారు.

— "అపరిష్కృతంగా" ఎందుకండీ అసలు? మా ఊళ్లో పొలం తగాదా ఎంతకాలం నడిచినా "ఇంకా తేలలేదు" అనేవాళ్లు. అప్పీలు తేలేదాకా అనండి, చాలు.

అందరికీ నమస్కారం. మార్చి రాశాను: "అప్పీలు తేలేదాకా ఖైదీని ఈ జైలు నుంచి తరలించరాదు. తరలింపు ఉత్తర్వు రద్దు కాలేదు, దాని అమలు ప్రస్తుతానికి ఆగింది." రెండో వాక్యం కోర్టు కాగితంలో లేదు, ఆవిడ కోసం విడిగా కింద రాశాను. ప్లీడరు గారు ఒప్పుకున్నారు. చదివేటప్పుడు "ఖైదీ" బదులు "మీవాడు" అనమని గుమాస్తా గారికి చెప్పాను.