సింటరింగ్‌కు ‘ఉండకట్టడం’ సరిపోతుందా?

(పాఠం రాస్తున్నాయన, ఇద్దరు తోటివాళ్ల సంభాషణ; మాట్లాడేవాళ్లను ఊరి పేర్లతో గుర్తించాం.)

కడప: లోహ ఉత్ప్రేరకాల పాఠంలో సింటరింగ్‌కు ‘ఉండకట్టడం’ అని రాస్తే తప్పా? వేడికి నానోకణాలు ఒకచోట చేరి పనికిరాకుండా పోతాయి కదా, సంగటిలో పిండి ఉండలు కట్టినట్టు.

అనంతపురం: మాట బాగుంది సార్, కానీ ఆ పనికి కాదు. సంగటి ఉండను చిదిపి చూడండి, లోపల పొడిపిండి అట్లనే ఉంటుంది. తెడ్డుతో మెదిపితే విడిపోతుంది. సింటరింగ్‌లో రెండు కణాలు తాకి కలిస్తే ఒకే కణమైపోతుంది, సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో అంటుకున్న కణాలను విడగొట్టే పరికరం) పెట్టినా విడదీయలేం. ‘ఉండకట్టడం’ అగ్లామరేషన్‌కు, అంటే కణాలు కరిగి ఒకటి కాకుండా ఊరికే అంటుకోవడానికి, అచ్చంగా కుదురుతుంది.

కర్నూలు: ఇంకో దారి కూడా ఉందప్పా. కణాలు కదలకుండానే చిన్నదాని పరమాణువులు ఒక్కొక్కటే ఊడి, కణాలు కూర్చున్న ఆధారం మీదుగా పాకి పెద్దదాన్ని చేరతాయి. ఆస్వాల్డ్ రైపెనింగ్ అంటే అదే. ఇక్కడ కట్టే ఉండ ఏదీ? రెంటికీ కలిపి ‘లావెక్కడం’ అంటే చాలు.

కడప: లావెక్కితే ఏమి పోయింది, లోహం బరువు అంతే కదా అని పిల్లలు అడుగుతారు.

అనంతపురం: చర్య జరిగేది పైనున్న పరమాణువుల మీదే కదా, క్యూబోక్టాహెడ్రన్ (త్రికోణ, చతురస్ర పలకలున్న ఘనరూపం) లెక్క చూపించండి. 55 పరమాణువుల గుత్తిలో 42 పైనే ఉంటాయి. 561 ఉంటే పైన కనబడేవి 252. మిగతా 309 లోపల ఊరికే కూర్చున్నట్టే. పైనున్నవీ అన్నీ ఒకటి కావు. లోపలిదానికి పొరుగు పరమాణువులు 12, త్రికోణపు పలక నడుమ ఉన్నదానికి 9, అంచు మీద 7, మూలన 5. పొరుగు తగ్గేకొద్దీ వాయువును గట్టిగా పట్టుకుంటుంది. మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు, అదీ చిక్కే.

కర్నూలు: అందుకే ‘చిన్నదైతే చురుకు’ అని రాయొద్దండి. ఫిషర్-ట్రాప్ష్ చర్యలో (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిపి హైడ్రోకార్బన్లు చేసేది) కోబాల్ట్ కణం సుమారు 6 నానోమీటర్ల కన్నా తగ్గితే ఉపరితల పరమాణువు ఒక్కొక్కటి చేసే పని పడిపోతుంది. అమ్మోనియా తయారీలో రుథేనియంకు ఉపరితలం మీద మెట్టులాంటి చోట ఐదు పరమాణువుల అమరిక కావాలి. మరీ చిన్న కణంలో ఆ మెట్టుకు చోటే ఉండదు. బంగారం సంగతి వేరే, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించాలంటే 5 నానోమీటర్లలోపు ఉంటేనే బాగా పనిచేస్తుంది. కాబట్టి ‘చురుకు’ అన్న ప్రతిచోటా గ్రాముకా, ఉపరితల పరమాణువుకా చెప్పాల్సిందే.

అనంతపురం: బంగారం మాటొచ్చింది కాబట్టి ఇదీ రాయండి. క్లోరోఆరిక్ ఆమ్లంతో (బంగారం, క్లోరిన్ ఉన్న ఆమ్లం) టైటానియా (టైటానియం డయాక్సైడ్) మీద బంగారం దింపాక సరిగా కడగకుంటే, వేడిచేసేటప్పుడు మిగిలిన క్లోరైడే బంగారాన్ని కదిలించి లావెక్కిస్తుంది. కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినా తెల్లగా మసకబారకుండా ఉండేదాకా కడగాలి; మసకబారితే క్లోరైడ్ ఇంకా ఉన్నట్టే.

కడప: సరే. పొడి అంటుకుంటే ‘ఉండకట్టడం’, వేడికి పెరిగితే ‘లావెక్కడం’. ‘చురుకు’ ఉన్న వాక్యాలన్నీ మళ్లీ దిద్దుతాను.