సుబాబుల్ ఆకు తిని గేదె పడ్డకు వెంట్రుకలు ఊడుతున్నాయి, మేకలకేమో ఏమీ లేదు

నందిగామ_రైతు: కర్ర మిల్లుకి కొట్టించాక మా సుబాబుల్ తోటలో పిలకలు గుబురుగా లేచాయి. ఎండుగడ్డికి కరువొచ్చి ఆ రెమ్మలే వేస్తున్నాం. ఊరి మేకలు ఏళ్ల తరబడి అక్కడే మేస్తాయి, నిక్షేపంగా ఉన్నాయి. కొత్తగా కొన్న పడ్డకు మాత్రం తోక కుచ్చు ఊడిపోతోంది, చొంగ కారుతోంది. గజ్జి కాదని డాక్టరు గారు చెప్పారు. ఎవరికైనా ఇలా అయిందా అండీ?

పాడి_సత్తెనపల్లి: మా దూడలకి అయింది. ముందు ఆకు ఆపండి. మేము ఇప్పుడు మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వం, మిగతాది చొప్ప. కుందేళ్లకైతే అసలు వద్దు, మా పక్కింటాయన కుందేళ్లు బోడిగుండ్లయ్యాయి.

వెటర్నరీ_ఫైనలియర్: ఆ ఆకులో మైమోసిన్ ఉంటుంది, వెంట్రుకలు రాలేది దానివల్లే. పశువు పెద్ద పొట్టలోని బ్యాక్టీరియా దాన్ని డీహెచ్‌పీ అనే పదార్థంగా మారుస్తుంది. అది థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది, గొంతు దగ్గర వాపు వస్తుంది. డీహెచ్‌పీని కూడా విరగ్గొట్టే సూక్ష్మజీవి ఉంటే ఇబ్బంది ఉండదు. ఆస్ట్రేలియా పశువులు ఈ ఆకుతో జబ్బుపడుతుంటే హవాయిలో మేకలు హాయిగా తింటున్నాయేమిటని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్తకు అనుమానం వచ్చింది. హవాయి మేకల పొట్టలోని ద్రవం నుంచి పెంచిన బ్యాక్టీరియాను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే అవీ తట్టుకున్నాయి. ఆ ఫలితం 1986లో అచ్చయింది. 1992లో ఆ జీవికి సినర్జిస్టిస్ జోన్సియై అని ఆయన పేరే పెట్టారు.

బ్రిస్బేన్_తెలుగు: ఇక్కడ క్వీన్స్‌లాండ్‌లో ఆ బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి, గడ్డకట్టించి రైతులకు అమ్ముతారు. మందలో కొన్నిటికి తాగిస్తే చాలు, మిగతావాటికి అదే పాకుతుంది.

నందిగామ_రైతు: అయితే మేక నెమరు ముద్ద తీసి పడ్డ నోట్లో పెడితే సరిపోదా? అరుగుదల లేని ఎద్దుకి మా తాత అలాగే చేసేవాడు.

వెటర్నరీ_ఫైనలియర్: మీ తాతగారి పద్ధతి మా పాఠాల్లోనూ ఉంది. ఆరోగ్యంగా ఉన్న పశువు పొట్ట ద్రవాన్ని వడకట్టి, వేడి తగ్గకముందే జబ్బు పశువుకు తాగిస్తాం. ఈ జీవులకు గాలి తగిలితే చావే, అందుకే ఆలస్యం చేయకూడదు. కానీ ఒక పశువు రోగం ఇంకోదానికి అంటుకోవచ్చు, డాక్టరు లేకుండా చేయకండి. పైగా మీ మేకల్లో ఆ బ్యాక్టీరియా ఉందని ఎవరు పరీక్షించారు? మేక పది రకాల ఆకులు కొరుకుతూ పోతుంది. మీ పడ్డకు కట్టుగొయ్య దగ్గర ఇదొక్కటే గతి. నాకైతే అసలు తేడా అక్కడే ఉందనిపిస్తోంది.

బ్రిస్బేన్_తెలుగు: నిజమే. ఈ మధ్య ఇక్కడి పరిశోధకులే బ్యాక్టీరియా ఎక్కించడం నిజంగా అవసరమా అని అడుగుతున్నారు. కాలేయమే డీహెచ్‌పీని చాలావరకు విషం లేకుండా చేసి మూత్రంలో పంపేస్తుందని వాళ్ల వాదన.

పాడి_సత్తెనపల్లి: బ్యాక్టీరియానో కాలేయమో, ఏదైనా అలవాటు పడ్డానికి టైమివ్వాలి కదా. మేం గుప్పెడుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయాం.

నందిగామ_రైతు: రెమ్మలు ఆపేశాం. నాటు వైద్యం జోలికి పోను, రేపు డాక్టరు గారితో మాట్లాడతా. చొప్ప ధర వింటేనే గుండె గుభేల్మంటోంది. వేరుశనగ కట్టె ఎవరి దగ్గరైనా ఉంటే రేటు చెప్పండి, బండి నేనే పంపిస్తా.